చెవులకు కట్టే తాయెత్తులు

శాస్త్రీయ సంగీతం వినే హేతువాదులు నాకు చాలామంది తెలుసు. త్యాగరాజ కీర్తన విని తల వూపినంత మాత్రాన రాముడున్నాడని ఒప్పుకున్నట్లు కాదు. పాట మనిషి కట్టాడు, మనిషి పాడాడు, మనిషి వింటున్నాడు. మధ్యలో దేవుడి అవసరం లేదు. ఈ విషయంలో మనవాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ వేరే వుంది. బాబాల విభూతి గురించి గంటసేపు నిలదీసే మనిషి, కొత్త రికార్డు అట్ట మీద "24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్" అని కనబడగానే ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా రెట్టింపు డబ్బు ఇచ్చేస్తున్నాడు. ఎందుకయ్యా అంటే "విని చూడండి, మీకే తెలుస్తుంది" అంటాడు. "నమ్మి చూడండి, మీకే తెలుస్తుంది" అన్న పాత మాటకి ఇది తమ్ముడు కాదా?

నేను ఈ మాటలు రాస్తున్నది హౌరా పక్కన టికియాపారా నుంచి. హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదటి స్టేషను ఇదే. సంగీతం ఏ రూపంలో అమ్ముతారు అనే విషయం మాట్లాడుకోవడానికి ఇది తగిన చోటు. ఎందుకంటే మన దేశంలో ఆ వ్యాపారం మొదలైంది హుగ్లీ నదికి అవతలి గట్టునే. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. వాటిని జర్మనీలోని హానోవర్‌కి పంపి, అచ్చు వేయించి, మళ్ళీ ఓడలో తెప్పించి ఇక్కడ అమ్మారు. 1908లో గ్రామఫోన్ కంపెనీ సియాల్దాలో సొంత కర్మాగారం పెట్టింది. 1920ల చివర్లో అది దమ్‌దమ్‌కి మారింది. రికార్డుకి కావలసిన లక్క ఎక్కడిదో కాదు, ఛోటా నాగపూర్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టినదే.

ఆ నల్ల బిళ్ళ సంగీతాన్ని ఏం చేసిందో చూడండి. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పాడుతుంది. కచేరీలో ఆలాపన, కీర్తన, నెరవు, స్వరకల్పన కలిపి ముప్ఫై నలభై నిమిషాలు సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించాలి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారంతటి విద్వాంసుడి వయొలిన్ అయినా 78 రికార్డులో ఆ కొలతకే లొంగాలి. తర్వాత 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం తెగకుండా వినగలిగామంటే కారణం ఆ ఇరవై నిమిషాలే. క్యాసెట్టు ధర తగ్గించింది. 1982లో వచ్చిన సీడీ గీతల చప్పుడు తీసేసి 74 నిమిషాలు ఒకే బిళ్ళ మీద ఇచ్చింది. ఈ మార్పులన్నీ ఎవరికైనా తెలిసేవి. వాటిని గుర్తించడానికి "బంగారు చెవులు" అక్కర్లేదు, గోడ గడియారం చాలు.

సీడీ తర్వాత ఏం జరిగింది? అంకెలు పెరిగాయి. చెవి మాత్రం పాతదే.

లెక్క చూద్దాం. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. నైక్విస్ట్, షానన్ చూపిన ప్రకారం ఇందులో సగం దాకా, అంటే సుమారు 22,000 హెర్ట్జ్ దాకా వున్న కంపనాలన్నిటినీ దీని నుంచి తిరిగి రాబట్టవచ్చు. చాలామంది అనుకున్నట్టు మెట్లు మెట్లుగా కాదు, నున్నగానే వస్తాయి. మనిషి చెవి ఎంత బాగున్నా 20,000 దాటదు. వయసు మీద పడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైలు 96,000 హెర్ట్జ్ దాకా మొయ్యగలదు. అది గబ్బిలాలకు వినబడే శబ్దం. జాషువాగారి గబ్బిలం శివుడి దగ్గరికి సందేశం మోసింది గానీ, కచేరీకి టిక్కెట్టు కొనలేదు. ఇక బిట్ల సంగతి. 16 బిట్లు సుమారు 96 డెసిబెల్స్ అంతరాన్ని ఇస్తాయి. రాత్రిపూట నిశ్శబ్దంగా వున్న గదిలోనే 30 డెసిబెల్స్ చప్పుడు వుంటుంది. పక్కనే లోకల్ రైళ్ళ కార్ షెడ్ వున్న మా టికియాపారా సంగతి చెప్పనే అక్కర్లేదు. రికార్డింగు చేసేటప్పుడు 24 బిట్లు కావాలి, నిజమే. మైకు ముందు గాయకుడు ఎప్పుడు గొంతు పెంచుతాడో తెలియదు కాబట్టి ఇంజనీరుకి ఆ వెసులుబాటు అవసరం. వడ్రంగికి రంపం అవసరమని కుర్చీ కొనేవాడికి కూడా రంపం అంటగడితే ఎలా?

"లెక్కలు కాదండీ, అనుభవం చెప్పండి" అంటారు. సరే. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు బోస్టన్‌లో చేసిన ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ రెజల్యూషన్ వున్న డిస్కుని నేరుగా ఒకసారి, అదే శబ్దాన్ని సీడీ కొలతకి కుదించి ఒకసారి వినిపించారు. ఏది ఏదో శ్రోతకి చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. దీనికి ఎదురు సాక్ష్యం కూడా దాచకుండా చెప్పాలి. 2016లో లండన్‌లో జాషువా రీస్ అనే పరిశోధకుడు 18 ప్రయోగాలను, 12,500కి పైగా ప్రయత్నాలను కలిపి లెక్క కట్టాడు. మొత్తం మీద 52.3 శాతం సరిగ్గా చెప్పారు. ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళు సుమారు 60 శాతం చెప్పారు. కాబట్టి తేడా పూర్తిగా సున్నా అని నేను పట్టుబట్టను. కానీ అట్ట మీద "ముసుగు తీసినట్టు, గాయకుడు మీ ముందు కూర్చున్నట్టు" అని రాసే తేడాకీ, వందలో రెండు మార్కుల తేడాకీ సంబంధం వుందా? అమ్మేవాళ్ళకే తెలుసు. 2021లో ఆపిల్ సంస్థ లాస్‌లెస్ సంగీతం మొదలు పెట్టినప్పుడు, తన మామూలు ఫైలుకీ దీనికీ తేడా వినబడడం దాదాపు అసాధ్యమని తానే రాసుకుంది.

అంకెలంటే పడని మరో వర్గం వుంది. డిజిటల్ అంటేనే జీవం లేనిది, అసలు సంగీతం వినైల్‌లోనే వుంది అంటారు వీళ్ళు. వీళ్ళకి 2022లో మంచి పరీక్ష ఎదురైంది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ ఖరీదైన ఎల్పీలు వేసేది. పూర్తిగా అనలాగ్ టేపు నుంచి చేసినవని కొన్నవాళ్ళు నమ్మేవారు. ఆ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ కాపీ వుందని, అది 2011 నుంచే జరుగుతోందని ఆ యేడాది బయటపడింది. అంతకుముందు దాకా వాటిని విని, డిజిటల్‌లో లేని వెచ్చదనం వీటిలో వుందని మెచ్చుకున్నవాళ్ళు ఎందరో! కేసు నడిచి, 2023లో రెండున్నర కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. కంపెనీ చెయ్యకూడని పని చేసింది, సందేహం లేదు. కానీ మనకి పాఠం అది కాదు. పదేళ్ళ పాటు వాటిని విన్న చెవుల్లో ఒక్కటీ డిజిటల్‌ని పట్టుకోలేదు. పట్టుకున్నది విచారణ.

తీగల సంగతి చెప్పకపోతే ఈ పురాణం పూర్తి కాదు. 2007లో పన్నెండు అడుగుల స్పీకర్ తీగల జత ఒకటి 7,250 డాలర్లకి అమ్మేవారు. మామూలు తీగతో పోల్చి తేడా చెవితో పట్టగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు జేమ్స్ రాండీ. ఆ పరీక్ష జరగనే లేదు. అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరితే బాబాలు ఎలా తప్పుకున్నారో మనం సభల్లో చెప్పుకుని నవ్వుతాం. ఇక్కడ నవ్వు ఎందుకు ఆగిపోతుంది? ఇక్కడ తాయెత్తు కట్టుకున్నవాడు చదువుకున్నవాడు, మన స్నేహితుడు. అందుకని.

మా పేటలో ఒక రిటైర్డ్ రైల్వే ఫిట్టరు గారున్నారు. శ్రీకాకుళం మనిషి. ఆయన పింఛను డబ్బులోంచి పదివేలు పెట్టి ఒక తీగ కొన్నారు. అది లేకపోతే తంబుర నాదం సరిగ్గా వినబడదని దుకాణంవాడు చెప్పాడట. ఆయన ముప్ఫై ఏళ్ళు కొలతబద్దతో బతికిన మనిషి. బేరింగు మీద వెంట్రుకవాసి తేడా వుంటే ఒప్పుకునేవారు కాదు. ఆ కొలతబద్దని చెవి దగ్గరికి తీసుకురావడం ఎవరూ ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సింది మనమే.

ఈ మధ్య ఇంకో వింత కూడా బయలుదేరింది. 432 హెర్ట్జ్. పాటలన్నీ 440 మీద కాకుండా 432 మీద వినిపిస్తే రోగాలు తగ్గుతాయట, మనసు విశ్వంతో కలుస్తుందట! పాత కీర్తనల్ని ఈ శ్రుతికి దించి కొత్తగా విడుదల చేస్తున్నారు కూడా. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు దీనికి ఒక్క నిమిషంలో జవాబు చెప్పాలి. మన సంగీతంలో ఆధార షడ్జం ఇంత వుండాలన్న నియమమే లేదు. గాయకుడి గొంతుని బట్టి ఒకటో శ్రుతి, రెండో శ్రుతి, ఐదున్నర శ్రుతి పెట్టుకుంటారు. ఏ శ్రుతిలో పాడినా తోడి తోడే, కల్యాణి కల్యాణే. పైగా ఇంకో లెక్క చూడండి. నిమిషానికి 78 సార్లు తిరగాల్సిన గ్రామఫోను స్ప్రింగు నీరసించి 76.6 సార్లు తిరిగిందనుకోండి, 440 కాస్తా 432 అయి కూర్చుంటుంది. ఆ లెక్కన మన తాతల ఇళ్ళల్లో పాడైపోయిన గ్రామఫోన్లన్నీ ఆసుపత్రులే!

"అయితే ఫార్మాట్ ఏదైనా ఒకటేనా?" అని మీరు అడగొచ్చు. కాదు. బాగా కుదించిన ఎంపీ3ల్లో, ముఖ్యంగా 64 కిలోబిట్ల రోజుల్లో, తంబుర నాదం నీళ్ళలోంచి వచ్చినట్టు వుండేది. మృదంగం దెబ్బ పదును పోయేది. అది నిజమైన తేడా, పరీక్షలో దొరికే తేడా. అలాగే పాత టేపుని ఓపికగా శుభ్రం చేసి మళ్ళీ మాస్టర్ చేస్తే కొత్త విడుదల బాగుండవచ్చు. అప్పుడు ఆ ఘనత మనిషి పనిది, అంకెది కాదు. ఆ మంచి మాస్టర్‌ని సీడీ మీదకి దించినా అంతే బాగుంటుంది.

పరీక్ష మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. హై రెజల్యూషన్ ఫైలు ఒకటి తీసుకోండి. దానినే కంప్యూటరులో సీడీ కొలతకి మార్చండి. వేరే చోట కొన్న సీడీతో పోల్చకండి, మాస్టర్ వేరైపోతుంది. రెండిటి శబ్దం స్థాయి సమానంగా వుండాలి, ఎందుకంటే కొద్దిగా గట్టిగా వున్నదే చెవికి మేలైనదిగా తోస్తుంది. నాణెం ఎగరేసి ఏది వినిపించాలో ఇంకొకరు నిర్ణయించాలి, ఆయన మీకు కనబడకూడదు. పదిసార్లు చెయ్యండి. గుడ్డిగా చెప్పినా పదికి తొమ్మిదో పదో సరిపోయే అవకాశం 1,024లో 11, అంటే సుమారు ఒక శాతం. మీకు తొమ్మిది వస్తే మళ్ళీ చేసి చూడండి. మళ్ళీ వస్తే నిరభ్యంతరంగా కొనుక్కోండి, నేను మీకు నమస్కారం పెడతాను. ఐదో ఆరో వస్తే ఆ డబ్బుతో కచేరీకి వెళ్ళండి.

నిజంగా బాధపడవలసిన విషయం ఇంకొకటి వుంది. ఈ అంకెల గోలలో అది ఎవరికీ పట్టడం లేదు. గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఏ పాట ఎవరిదో హానోవర్‌లో అచ్చు వేసేవాళ్ళకు తెలియాలి కదా! ఇవాళ ఫోనులో ఒక కీర్తన తెరవండి. గాయకుడి పేరు వుంటుంది. వయొలిన్ ఎవరు? మృదంగం ఎవరు? ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో పాడారు? చాలాసార్లు ఏమీ వుండదు. ఎల్పీ అట్ట వెనక అచ్చేసిన సమాచారం, సీడీలో చిన్న పుస్తకంగా మిగిలింది, ఫోనులోకి వచ్చేసరికి ఆవిరైపోయింది. జీవితమంతా పక్కవాద్యం వాయించిన మనిషి పేరు ఒక్క లైను కూడా ఆక్రమించదు. 78 రికార్డు నుంచి తీసిన పాటైతే ఏ వేగంతో తిప్పారో రాయరు. ఆ వేగం తెలియకపోతే గాయకుడి శ్రుతి ఏదో కూడా మనకి తెలియదు.

రెండో సంగతి భద్రత. టేపు ఖరీదైన రోజుల్లో పాతవి తుడిచి మళ్ళీ వాడడం బీబీసీ వంటి పెద్ద సంస్థల్లోనూ జరిగింది. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో గోదాము తగలబడితే, ఎన్ని మాస్టర్ టేపులు పోయాయన్న ప్రశ్న 2019 దాకా జనం ముందుకే రాలేదు. ఒక్క చోటే వున్న రికార్డు, ఎంత గొప్ప ఫార్మాట్‌లో వున్నా, లేనట్టే లెక్క. మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు విడుదలైన మరుసటి యేడాది మొదలు నుంచి 60 ఏళ్ళు. అంటే 1963లో విడుదలైన రికార్డింగుల మీద ఆ హక్కు 2023తో ముగిసింది. మీ అటక మీద అంతకన్నా పాత 78లు వుంటే, జాగ్రత్తగా డిజిటల్ చేసి, లేబుల్ ఫొటో తీసి, వివరాలు రాసి నాలుగు చోట్ల దాచండి. 24 బిట్లు వాడాల్సింది అక్కడ.

కొత్త విడుదల కొనే ముందు అట్ట తిప్పి వెనక వైపు చూడండి. పక్కవాద్యాల పేర్లు, తేదీ, ఏ టేపు నుంచి తీశారు, పాట పూర్తిగా వుందా కోశారా, ఇవి రాసినవాడికి డబ్బివ్వండి. మృదంగం వాయించిందెవరో రాయకుండా 192 అని మాత్రం రాసినవాడిని ఒక్క ప్రశ్న అడగండి: "ఆధారం ఏది?" ఆ ప్రశ్న బాబాల దగ్గర ఎంత పదునుగా అడుగుతామో, సంగీతం దుకాణంలోనూ అంతే పదునుగా అడగాలి.