విమానానికి లైవ్ లొకేషన్ తప్పనిసరి చేయాల్సిందే
సత్తెనపల్లిలో హైదరాబాద్ బస్సెక్కితే, ఇంట్లోవాళ్లు వాట్సాప్ లైవ్ లొకేషన్‌లో నన్ను చూస్తూనే ఉంటారు. విమానానికి ఆ గ్యారెంటీ లేదు. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 మాయమైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. శకలాలు 3,400 మీటర్ల లోతున ఉన్నాయని తెలిసింది 2024లో!

అది మిలిటరీ విమానం, సరే. ప్యాసింజర్ విమానాలకైతే సముద్రం మీద 15 నిమిషాలకోసారి పొజిషన్ తెలిస్తే చాలంటోంది ఐకావో. గంటకు 900 కి.మీ. వేగంలో అది 225 కి.మీ. దూరం! ప్రమాదంలో పడితే నిమిషానికోసారి దానంతటదే సిగ్నల్ పంపాలనే రూల్ ఉంది గానీ, 2024 నుంచి వచ్చే కొత్త పెద్ద విమానాలకే. పాతవాటికీ పెట్టాలి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. షార్ట్ సర్క్యూట్ అయితే పైలట్ ఆఫ్ చేయొద్దా అంటారు. విడిగా సొంత బ్యాటరీ ఇస్తే సరి. ఖర్చంటారా? ఆచూకీ కోసం 29 కుటుంబాలు ఏడున్నరేళ్లు ఎదురుచూశాయి.