ఇంట్లో తూటాలు నింపుకోవచ్చా?

అమెరికాలో వాడేసిన తూటా గొట్టాల్లో మళ్లీ మందు నింపడం చాలామందికి హాబీ. ఆ వీడియోలు అమలాపురంలో కూర్చుని చూస్తూ, ‘నాకూ రైఫిల్ లైసెన్స్ ఉందిగా’ అనుకుంటున్నారా? అది తుపాకీ ఉంచుకోవడానికి, అందులో రాసినన్ని తూటాలు కొనుక్కోవడానికే. తయారీకి ఆయుధాల చట్టం-1959, సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ కావాలి. అది లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ ప్రకారం కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం.

అసలు చిక్కు నిర్వచనంలో ఉంది. తూటా విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రం కూడా చట్టం దృష్టిలో మందుగుండు సామగ్రే! ఒక్క తూటా నింపకపోయినా, ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్రెస్సే మీ మీదికి కేసు తేవచ్చు.

తూటాలు చాలడం లేదా? కోటా పెంచమని జిల్లా మేజిస్ట్రేట్‌ హోదాలో ఉన్న కలెక్టర్‌కు దరఖాస్తు చేయండి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది కాబట్టి రాజోలు, కొత్తపేట వాళ్లు కాకినాడ దాకా పోనక్కర్లేదు. కలెక్టరేట్ అమలాపురంలోనే ఉంది.