నాట్యం ఎక్కడ నేర్పిద్దాం?

పిల్లను నాట్యంలో చేర్చేముందు ఫీజెంత, అరంగేట్రం ఎప్పుడు అని అడుగుతాం. సరదాకా, వృత్తికా అని పిల్లనే ముందు అడగాలి. ఆ తర్వాత గురువును అడగాలి.

దేవాలయాల్లో దేవదాసీల నాట్యాన్ని 1947 మద్రాసు చట్టం నిషేధించింది. ఆ కళ మాత్రం పై కులాల ఇళ్లలో గౌరవం పొందింది. కూచిపూడి మేళాల్లో చాలాకాలం ఆడవేషాలూ మగవారివే. ఈ చరిత్ర చెబుతారా? అన్ని కులాల పిల్లలకూ చోటుందా? నల్లగా, లావుగా ఉన్న పిల్లను వెనక వరసకు నెడతారా? పాఠం జరుగుతుంటే తల్లి చూడవచ్చా?

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 2012 పోక్సో చట్టం రక్షణ. పదిమంది పనిచేసే సంస్థలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చిన్న సంస్థలపై ఫిర్యాదుకు జిల్లా కమిటీ ఉంది.

గురుభక్తి అంటే నోరు మూసుకోవడం కాదు. ఈ ప్రశ్నలకు ముఖం చిట్లించే చోట పిల్లను చేర్చవద్దు.