జీవానికి నీళ్లు తాపితిరా?

ఈ వారము రాయదుర్గము చేరువనున్న మా బంధువుల పల్లెలో చూచినది మనస్సును విడువకున్నది. అమెరికాలో స్థిరపడిన కుమారుడు సెలవులకు వచ్చుచు, మతిమరుపు ముదిరి కన్నకొడుకునే ఆనవాలు పట్టలేకున్న తల్లికొరకు ఒక యంత్రపుపిల్లిని తెచ్చెను. హాస్‌బ్రో సంస్థ వృద్ధులకొరకు 2015లో విపణిలోనికి దింపిన రకమది. నిమిరినచో గురగురలాడును, కన్నులార్పును, ప్రక్కకు ఒరగి పొట్టను చూపును. ఆమె దానిని ఒడిలోనికి తీసికొని, నెలలుగా ఇంటివారు విని యెరుగని స్పష్టమైన కంఠముతో, "ఈ జీవానికి నీళ్లు తాపితిరా నాయనా?" అని అడిగెను.

మా సీమలో గొర్రెలను, మేకలను జీవాలనియే అందుము. ఏడాది పొడుగునను 550 మిల్లీమీటర్ల వాన పడిన అదే పదివేలనుకొను ఈ నేలపై, తాను గ్రుక్కెడు త్రాగకమునుపే మందకు నీళ్లు చూపుట ఆమె చిన్ననాటినుండి వచ్చిన అలవాటు. కొడుకు పేరు చెరిగిపోయిన మనస్సులో ఆ అలవాటు చెరగలేదు. కావున ఆ బొమ్మను తీసిపారవేయుటకు నాకు నోరాడలేదు.

ఇట్టి యంత్రములలో మరియొకటి, జపానులో షిబతా తకనోరి 1993లో ఆరంభించిన కృషికి ఫలమైన ‘పారో’ అను సీలుపిల్ల యంత్రమును అమెరికా ప్రభుత్వము 2009లో వైద్యపరికరముగా అంగీకరించినది. కుక్కనో పిల్లినో చేసినచో జనులు నిజమైనదానితో పోల్చి పెదవి విరుతురని, ఇంట పెంచిన అనుభవము ఎవ్వరికిని లేని సీలును ఆయన ఎన్నుకొనెను. మా అవ్వకు పిల్లియు గొర్రెయే అయినది! పారో వెల సుమారు 6,000 డాలర్లు, అనగా 5 లక్షల రూపాయలు. నెలకు 4,000 రూపాయల పింఛనుతో బ్రతుకు వృద్ధురాలు పదేండ్లు పస్తుండి కూడబెట్టినను దానిని కొనజాలదు.

ఆమెకు నిజమైన మందయే ఉండెడిది. గడ్డి దొరకని కరవేట అది సంతకు పోయెను. మేపెడు మనుమడు బెంగుళూరు కూలికి పోయెను. దొడ్డి ఖాళీయైన నాటినుండియే అత్త మాట తగ్గినదని ఇంటనున్న కోడలు నాతో చెప్పెను. రెండు మేకలు ఉంచుకొనగోరు ముసలివారికి వేసవిలో ఇచ్చు గడ్డిమోపును ప్రభుత్వము వైద్యపు ఖర్చుక్రింద వ్రాయవలెనని నేను ఏండ్ల తరబడి మొరపెట్టుచున్నాను, ఇంకను మొరపెట్టుదును. దేశములో అరువది దాటినవారిలో 88 లక్షల మందికి ఈ మతిమరుపు వ్యాధి కలదని 2023లో ప్రకటితమైన అంచనా; మా పల్లెలలో మాత్రము దీనిని రోగమని ఎంచక చాదస్తమని విడిచిపెట్టుదురు.

అంతకు మించిన బాధ మరియొకటి కలదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టరు సువర్ణ అల్లాడి బృందము 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదానినిబట్టి, రెండు భాషలాడువారికి ఈ వ్యాధి ఒక్క భాషవారికన్న సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినది. అక్షరము రానివారిలోను ఈ అంతరము కానవచ్చినది. మా అవ్వకు ఇంట తెలుగు, సంతలో కన్నడము. ఈ ఆస్తిని ఆమెకు ఏ బడియు పెట్టలేదు. మొళకాల్మూరు బేరములు, బళ్లారి వియ్యములు పెట్టినవి. దానిని రెండే తరములలో మనము పోగొట్టుకొంటిమి. తెలుగు మాటకు బడిలో జరిమానా వేసినపుడు తలలూపిన తలిదండ్రులను, వారిలో నా యీడువారిని, నేను క్షమింపలేకున్నాను.

ఆ సాయంకాలము అవ్వ మరల అదే ప్రశ్న వేసెను. అమెరికానుండి వచ్చిన పన్నెండేండ్ల మనుమడు, ఆమె తననే చూచి అడుగుచున్నదని గ్రహించి, జీవమనగా ఏమని తండ్రిని ఇంగ్లీషులో అడిగెను. తండ్రి ‘లైఫ్’ అని చెప్పెను. అవ్వ పిల్లి వీపుపై చేయి తీయక, బాలుని జవాబుకొరకు ఇంకను చూచుచుండెను.