గుమ్మటం మాది కాదు, గల్లీ మాది

ఒక ఆదివారం పొద్దున్నే కర్నూలు పాతూళ్లోకి పాతికమంది నడుచుకుంటూ వచ్చారు. కాళ్లకు బూట్లు, చేతుల్లో నీళ్ల సీసాలు, మెడల్లో కెమెరాలు. ముందు గైడు. చారిత్రక నడక అంట. పుట్టినకాణ్నుంచీ మేం నడుస్తున్న దారిలోనే నడుస్తూ, మేం పడకుండా జాగ్రత్తగా ఫోటోలు తీసుకున్నారు. బురుజు ముందు మా తోపుడుబండి అడ్డమొస్తే కొంచెం పక్కకి జరపమన్నారు. జరిపాం. జరగడం మాకు కొత్త కాదు.

మా ఊరి గురించి ఏం చెబుతారో విందామని వెనకే మేమూ నడిచాం.

గైడు చెప్పింది ఇదీ. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఇరుసులకు కందెన పెట్టుకునేవి, అందుకే ఇది కందెనవోలు అయింది. పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయలు కోట కట్టించాడు. ఆ తర్వాత తురకలు వచ్చారు. అలంపురం కొండారెడ్డిని నవాబు ఈ బురుజులో బంధించాడు, బురుజుకు ఆయన పేరే మిగిలింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. అయిపోయింది. నడుమనున్న మూడు వందల ఏళ్లూ రెండు మాటల్లో సరి. వచ్చారు, బంధించారు.

వచ్చిందెవరు? బీజాపూరు సుల్తాను తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ వచ్చాడు. హంద్రీ ఒడ్డున పెద్ద గుమ్మటం కింద పడుకున్నది ఆయనే. ఆ తర్వాత పన్నీ పఠాన్లు వచ్చారు. వాళ్లు గుర్రాలెక్కి వచ్చారు. ఆ గుర్రాలకు గడ్డి కోసినవాళ్లు మా తాతలు. తోలుతిత్తుల్లో నీళ్లు మోసిన బిహిస్తీలు, దూదేకినవాళ్లు, గాజుల మలారం భుజానేసుకుని ఊరూరా తిరిగినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు మా తాతలు. ఈ కరువు నేలలో పుట్టి ఈ నేలలోనే పేరు మార్చుకున్నవాళ్లు. మేం ఎక్కణ్నుంచీ రాలేదు. నవాబు ఏనాడన్నా మా ఇంటికి పిల్లనిచ్చాడా? మా పీటమీద కూచుని సంగటి తిన్నాడా? ఆయన పాపాలు మా ఖాతాలో ఎందుకు రాస్తారు?

అబ్దుల్ వహాబ్ గుళ్లను మసీదులు చేశాడని తెల్లవాళ్ల గెజిటీరులో ఉంది. ఉండనీండి, మేం దాచం. ఆయన్ని వెనకేసుకురావడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఆ గుమ్మటం చూసి మీసం తిప్పే పెద్దమనుషులు మాలోనూ ఉన్నారు. వాళ్లకూ ఇదే చెబుతున్నాం. గుమ్మటం మనది కాదు సాబ్, దాని రాళ్లు మోసిన భుజాలు మనవి.

సరే, నవాబుల కథే చెప్పాలనుకుంటే ఆ లెక్కయినా సరిగా చెప్పండి. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ పేరు గైడు ఎత్తలేదు. కోటలో దొంగచాటుగా ఆయుధాలు కూడబెట్టాడని 1839లో కంపెనీ దండు కర్నూలు మీదికొచ్చింది. జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పట్టుకుపోయారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. 1857కు పద్దెనిమిదేళ్ల ముందటి సంగతి ఇది. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. పెట్టాల్సిందే, ఆయన మా సీమ బిడ్డ. గులాం రసూల్ తన గద్దె కోసమే కొట్లాడాడంటారా? అయ్యుండొచ్చు. రెడ్డిగారి తగాదా భరణం దగ్గర మొదలు కాలేదా? బంధించిన నవాబు తురకోడు, బందీ అయిన నవాబు మాత్రం ఎవరికీ ఏమీ కానివాడు! ఇదెక్కడి కొలత?

కర్నూల్లో ఇట్లా ఉంటే కడపలో ఇంకో తీరు. అక్కడ మమ్మల్ని తిట్టరు, ముద్దుచేస్తారు. ఉగాది నాడు మావాళ్లు దేవుని కడపకు పోయి వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొడతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, ఆయన మా అల్లుడు. మా నానీమాకు ఇదేమీ వింత కాదు, ఆనవాయితీ. మర్నాడు పత్రికలో ఫోటో వస్తుంది, మతసామరస్యం అని. ఆ ఫోటోలో ఉన్నవాడే పక్కవారం ఊరి కొత్త కాలనీలో ఇల్లు అద్దెకడిగితే ముందు పేరడుగుతారు. పేరు విన్నాక ఇల్లు ఖాళీ లేదంటారు. అల్లుణ్నిచ్చుకున్న ఇంటికి అద్దె ఇల్లు దొరకదు!

బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య ముడుమాల దూదేకుల బిడ్డ. ఆయన్నీ ఇట్లాగే తలుచుకుంటారు, మంచి తురకకు సాక్ష్యంగా. మంచి అనిపించుకోకుండా ఊరికే మనుషుల్లా బతికే వీలు మాకు లేదా? మా దూదేకులోళ్లకు ఇంట్లో తెలుగే. మిగతావాళ్ల ఉర్దూలో సగం తెలుగు. అయినా "తెలుగు బాగా మాట్లాడతావే" అని ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఏ ఊరికి పోయినా హుసేనప్పలూ మస్తానమ్మలూ ఫకీరప్పలూ ఉంటారు. వాళ్లంతా మావాళ్లే అనుకునేరు, పీర్లకు మొక్కుకుని బిడ్డలకు ఆ పేర్లు పెట్టుకున్న హిందువులూ అందులో ఉన్నారు. ఏ నడకలోనూ ఈ పేర్లు వినపడవు. రాతి మీద చెక్కలేదు కదా, ఫోటోకు పనికిరావు.

ఇంకొకటీ వదిలేశారు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ ఒక్కటై పాతూరును ముంచాయి. మిద్దెలెక్కి నిలబడ్డాం. కిందింట్లో బియ్యం, కుట్టుమిషను, పిల్ల పెళ్లికని దాచిన చీరలు, రేషన్ కార్డులు, ఇంటి పట్టాలు అన్నీ బురద అయ్యాయి. నువ్వు ఇక్కడివాడివేనని రుజువు చూపమంటే చూపాల్సిన కాగితాలవి. ఆ రోజు పక్క మిద్దె మీద నుంచి అన్నం మూట విసిరిన చెయ్యి ఏ కులానిదో ఎవరం అడగలేదు. ఆ గల్లీ మూలనే నడకవాళ్లు పది నిమిషాలు నిలబడి టీ తాగారు. నీళ్లు ఎందాకా వచ్చాయో చెప్పే మచ్చ వాళ్ల తలల పైన గోడ మీదే ఉంది.

మీరు నడవొద్దని మేం అనడం లేదు. మళ్లీ రండి. ఈసారి బురుజు దగ్గర కాకుండా ఆ గోడ దగ్గర మొదలుపెట్టండి. టీ కొట్టు కాకాను అడగండి, చెబుతాడు. మా గల్లీ పిల్లోడికి నాలుగు రూకలిచ్చి గైడుగా పెట్టుకోండి. బండి పక్కకు జరపమని మాత్రం అడక్కండి, ఈసారి జరపం.