అర నిమిషం నవ్వు

మొన్న ఆదివారం మా చిన్నాడు ఫోనులో ఏదో ఆల్బం పెట్టాడు. స్పానిష్ పాటలట. రెండు పాటలయ్యాక ఇద్దరు మగాళ్ళు గలగలా ఏదో మాట్లాడుకుని ఫక్కున నవ్వారు. వీడు చటుక్కున వేలితో దాటించేశాడు. అదేమిట్రా అంటే, "పాట కాదమ్మా, ఊరికే జోకు. అర నిమిషం వేస్టు" అన్నాడు. పేపరు చాటునుంచి మా వారు తలూపారు.

వేస్టట! నాకు ఒళ్ళు మండింది. హరికథలో పిట్టకథ వేస్టా? సీతమ్మ కష్టాలకి కళ్ళొత్తుకుంటున్న జనాన్ని మధ్యలో కాస్త నవ్వించకపోతే అర్ధరాత్రి దాకా ఎవరు కూచుంటారండీ? బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు. ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం. షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ తెచ్చిన కళ అది. హాస్యపు వంతని దింపేసి కథ చెప్పమనండి, చూద్దాం!

అయితే మా శాలిబండలో ఇంకో బాధ ఉంది. ఇక్కడి మాటే పైవాళ్ళకి జోకు. 1965లో 'గుమ్‌నామ్'లో మెహమూద్ హైదరాబాదీ యాసతో దేశమంతటినీ నవ్వించాడు. గొప్ప నటుడే, కాదనను. తర్వాత ఎంతమందో ఆ యాసని అరువు టోపీలా పెట్టుకుని తిరిగారు. తెలుగు సినిమాల్లో తెలంగాణ మాటకి ఏళ్ళ తరబడి పట్టిన గతీ అదేగా? హాస్యగాడికీ, రౌడీకీ తప్ప హీరోగారి నోట పలికిందా?

పక్కింటి ఆపా కూతురు కిందటేడు ఓ ఆఫీసుకి ఉద్యోగానికని వెళ్ళి, అడిగినదానికి "హౌ" అందట. అవతలివాళ్ళు మొహమొహాలు చూసుకుని నవ్వారట. ఆ పిల్ల జోకేమీ వెయ్యలేదు, అవునంది, అంతే.

ఆపా నవ్వులేని మనిషేం కాదు. అత్తాకోడళ్ళ మీద సులేమాన్ ఖతీబ్ దక్కనీలో రాసింది తలుచుకుంటే పడీపడీ నవ్వుతుంది. నవ్వుతూనే దుపట్టాతో కళ్ళు తుడుచుకుంటుంది. 'ది అంగ్రేజ్' సినిమాలో చార్మినార్ దగ్గర కూచుని గొప్పలు కొట్టే ఇస్మాయిల్ భాయ్ ముఠా అన్నా అంతే. వాళ్ళు ఆ యాసలో జోకులేస్తారు. మిగతావాళ్ళకి ఆ యాసే జోకు. ఈ తేడా సినిమాలు తీసే పెద్దలకి ఎవరు చెప్పాలి?

"ఆ అర నిమిషం మళ్ళీ పెట్టరా" అన్నాను.

"నీకు అర్థం కాదుగా!"

"ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో కనుక్కుని చెప్పు."

వాడింకా వెతుకుతున్నాడు.