తెర మీది పాఠం, చేతిలోని పని

మోసగాణ్ణి "ఫోర్ ట్వంటీ" అనడం మనవారికి తరతరాల అలవాటు. చట్టం ముఖం చూడని వారికి కూడా 302 అంటే హత్య అని తెలుసు. ఆ పుణ్యం మన సినిమాలది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఆ విధంగా మన మాటలలో కలిసిపోయింది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఇప్పుడు హత్యకు శిక్ష చెప్పేది 103వ సెక్షను, మోసం సంగతి 318. మనకు ఇది వినోదంగా తోచవచ్చును. అర్ధరాత్రి స్టేషనులో ఫిర్యాదు వ్రాసుకునే హెడ్ కానిస్టేబులుకు మాత్రం ఇది వినోదం కాదు.

ఆ హెడ్ కానిస్టేబులు కొత్త పాఠం ఎట్లా నేర్చుకుంటున్నాడు, ఎంతవరకు నేర్చుకుంటున్నాడు అన్నదే ఈ మాసం మా శీర్షికకు విషయం. యంత్రాల సంగతులు వ్రాసే ఇంజనీరుకు పోలీసుల చదువుతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చును. మా తప్పు ఒకటి ముందుగా ఒప్పుకుంటే ఆ సంబంధం తేటపడుతుంది.

కొన్ని సంవత్సరాల క్రితం మా విభాగంలో అగ్నిమాపక భద్రత పాఠాలను అందరమూ కంప్యూటరు మీదనే పూర్తి చేయవలసి వచ్చింది. మేము భోజన విరామంలో, ఒక చేత టిఫిను డబ్బా, మరొక చేత మౌసు పట్టుకొని, ప్రతి పుట కిందా "నెక్స్ట్" నొక్కుకుంటూ ఇరవై నిమిషాలలో ముగించాము. చివరి పరీక్షలో నూటికి నూరు మార్కులు. ధ్రువపత్రం ఫైలులో చేరింది. తరువాతి నెలలో మాక్ డ్రిల్ జరిగింది. రేకు తొట్టిలో మంట వెలిగించి మమ్మల్ని ముందుకు పిలిచారు. సిలిండరు ఎత్తాము, గొట్టం మంట వైపు తిప్పాము, పిడి నొక్కాము. ఏమీ రాలేదు. మరింత గట్టిగా నొక్కాము. పక్కన నిలుచున్న కాంట్రాక్టు కార్మికుడు, మా అబ్బాయి వయసువాడు, నెమ్మదిగా చేయి చాపి సేఫ్టీ పిన్ను లాగి, "ఇప్పుడు నొక్కండి సార్" అన్నాడు. ఆ పిన్ను బొమ్మ మేము చూసిన పాఠంలో ఉన్నది. దాని మీద వచ్చిన ప్రశ్నకు మేము సరైన జవాబే గుర్తించాము.

ఇక అసలు విషయానికి వద్దాము. శిక్షాస్మృతితో పాటు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు, 1872 నాటి సాక్ష్య చట్టం కూడా ఒకే రోజున మారాయి. న్యాయ సంహితలో 358, నాగరిక సురక్షా సంహితలో 531, సాక్ష్య అధినియమంలో 170 సెక్షన్లు ఉన్నాయి. రాష్ట్రపతి ఆమోదం లభించినది 2023 డిసెంబరు 25న. అమలు తేదీకి మధ్య ఉన్న వ్యవధి ఆరు నెలలు. పైగా పాతది మరచిపోవడానికి కూడా వీలు లేదు. జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. కనుక పోలీసు అధికారి, ప్రాసిక్యూటరు, న్యాయమూర్తి కొన్నేళ్లపాటు రెండు చట్టాలనూ బుర్రలో మోయవలసినదే.

ఇంతమందికి తరగతి గదిలో పాఠం చెప్పడం సాధ్యమా? 1948లో ఆబూ పర్వతం మీద మొదలై 1975లో మన హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీ ఐ.పి.ఎస్. అధికారులను తీర్చిదిద్దుతున్నది. మారుమూల స్టేషనులోని కానిస్టేబులు దాకా గురువును పంపడం ఏ అకాడమీకీ సాధ్యం కాదు. అందుచేతనే డిజిటల్ పాఠాలు అవసరమయ్యాయి. ప్రభుత్వోద్యోగుల కోసం ఏర్పడిన ఐగాట్ కర్మయోగి వేదిక మీద కొత్త చట్టాల పాఠాలు వచ్చాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ "సంకలన్" అనే యాప్‌ను విడుదల చేసింది. పాత సెక్షనుకు ఎదురుగా కొత్త సెక్షనును చూపే ఆ యాప్ ఇంటర్నెట్టు లేని చోట కూడా పనిచేస్తుంది. సైబర్ నేరాల దర్యాప్తు నేర్పడానికి "సైట్రైన్" అనే ప్రత్యేక వేదిక ఉన్నది. రాత్రి డ్యూటీ దిగిన మహిళా కానిస్టేబులు ఇంట్లో కూర్చుని, అర్థం కాని చోట మరల వెనుకకు వెళ్లి వినవచ్చును. తరగతి గదిలో చేయి ఎత్తడానికి మొహమాటపడే వారికి ఇది పెద్ద వరం. దీనిని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు.

అయితే కొత్త చట్టాలు సెక్షన్ల అంకెలు మార్చి ఊరుకోలేదు, చేతిపనిని కూడా పెంచాయి. సోదా, స్వాధీనం జరిగే తీరును ఇప్పుడు వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి రావాలి. దీనిని దశలవారీగా అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు. ఫోనులోని సందేశాల నకలును సాక్ష్యంగా పెట్టాలంటే సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి పరికరం బాధ్యత వహించే వారు ఇచ్చేది, రెండవది నిపుణుడు ఇచ్చేది. రెండింటిలోనూ "హ్యాష్" విలువ వ్రాయాలి.

హ్యాష్ అంటే మన ఇంజనీర్లకు తెలిసిన సీలు వంటిదే. మీటరును క్యాలిబ్రేట్ చేసి సీసపు సీలు వేస్తాము. సీలు చెదిరితే ఎవరో చేయి పెట్టారని అర్థం. అట్లాగే ఒక ఫైలును లెక్కకట్టే సూత్రంలో వేస్తే ఒక పొడవైన సంఖ్య వస్తుంది. ఎస్.హెచ్.ఏ.-256 అనే సూత్రంలో అయితే 64 అక్షరాంకెలు. ఫైలులో ఒక్క కామా మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఆనాడు తీసుకున్న ఫైలే ఈనాడు కోర్టు ముందున్నదని చెప్పడానికి ఆ సంఖ్యే ఆధారం. మూల పరికరాన్ని కోర్టు ముందు పెట్టనప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని పాత చట్టం క్రిందనే 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ ధ్రువపత్రం లేకపోతే ఏమవుతుందో పదవీ విరమణ చేసిన మా మిత్రుని అనుభవం వల్ల తెలిసింది. పోలీసులమంటూ ఫోను చేసి, మీ పేర మత్తుమందుల పార్సెలు వచ్చిందని బెదిరించి, ఆయన గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద భాగం కాజేశారు. ఆయన తేరుకుని వెంటనే 1930కి ఫోను చేయగా కొంత మొత్తం బ్యాంకులలోనే నిలిచింది. తరువాత కేసు నమోదయింది. నెలలు గడిచాక ఫైలు చూసిన వకీలు, వాట్సాప్ సందేశాలకు కాగితపు ప్రతులే ఉన్నాయి, ధ్రువపత్రం ఏదని అడిగారు. మిత్రుడు యువ సబ్ఇన్‌స్పెక్టరును కలిశారు. ఆయన దాపరికం లేకుండా, "అంకుల్, పాఠాలన్నీ విన్నాను, పరీక్ష కూడా పాసయ్యాను. ఆ ఫారం మాత్రం నా చేత్తో ఎప్పుడూ నింపలేదు" అన్నారు. సరే, ఇప్పుడైనా ఫోను తెమ్మన్నారు. ఆ ఫోనును మిత్రుని కుమారుడు అంతకు ముందే ఎక్స్ఛేంజిలో ఇచ్చి కొత్తది తెచ్చాడు. కేసు ఇంకా నడుస్తున్నది.

ఆ యువకుణ్ణి నిందించడానికి మాకు నోరు రాలేదు. ఆయన ఫారమూ, మా సేఫ్టీ పిన్నూ ఒకటే. ఇద్దరమూ పాఠం విన్నాము, ఇద్దరమూ పాసయ్యాము. తేడా ఒక్కటే. మా తప్పుకు రేకు తొట్టిలోని మంట మరో నిమిషం మండింది. అక్కడ ఒక వృద్ధుని జీవితకాలపు పొదుపు చిక్కుకున్నది.

కర్మాగారాలలో ఈ సంగతి మనం ఎప్పుడో గ్రహించాము. కంట్రోల్ రూము ఆపరేటరుకు పుస్తకం చదివించి ఊరుకోము. సిమ్యులేటరు మీద కూర్చోబెట్టి, తెలియకుండా లోపం ప్రవేశపెట్టి, ఏ మీట నొక్కుతాడో చూస్తాము. న్యాయరంగంలో కూడా తెర మీది పాఠం తరువాత అటువంటి మెట్టు ఉండాలని మా మనవి. ఒక పాత ఫోను ఇచ్చి, సందేశాలు తీయించి, హ్యాష్ కట్టించి, ధ్రువపత్రం నింపించాలి. ఆ పత్రాన్ని ప్రాసిక్యూటరు పరిశీలించి, కోర్టులో ఎక్కడ వీగిపోతుందో అదే గదిలో చెప్పాలి. పోలీసు, కోర్టు, జైలు, ప్రాసిక్యూషను, ఫోరెన్సిక్ విభాగాల కంప్యూటర్లను ఐ.సి.జె.ఎస్. అనే వ్యవస్థ ద్వారా కలుపుతున్నారు. ఆ కంప్యూటర్ల ముందు కూర్చునే మనుషులు కూడా అప్పుడప్పుడు కలిసి నేర్చుకుంటే మేలు. అన్నిటికన్నా ముందు, ఆ చదువుకు డ్యూటీ వేళలోనే సమయం కేటాయించాలి. భోజన విరామంలో చదివే చదువు ఎటువంటిదో మాకు తెలుసు.

పాఠకుల కుటుంబాలకు ఒక్క మాట. మోసం జరిగితే సిగ్గుపడకుండా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. సందేశాలు చెరపవద్దు. కేసు ముగిసేవరకు ఆ ఫోనును మార్చవద్దు, అమ్మవద్దు. 63వ సెక్షను ధ్రువపత్రం తయారయిందా అని దర్యాప్తు అధికారిని మర్యాదగా అడగండి.

మా సంగతి అంటారా, ఈ సంవత్సరపు భద్రతా పాఠాలు వచ్చే వారం మొదలవుతున్నాయి. ఈసారి టిఫిను డబ్బా పక్కన పెట్టే కూర్చుంటాము. పాఠం ముగిశాక స్టోరుకు వెళ్లి, ఆ సిలిండరును ఒకసారి చేతిలోకి తీసుకుంటాము. వచ్చే సంచికలో మరొక విషయంతో కలుసుకుందాము.